4 మీటర్ల లోపు ఎస్‌యూవీల్లో వెనక సీటు దేంట్లో బాగుంది? మోకాళ్ల ఆపరేషన్ అయిన అమ్మ కోసం

పెన్నా_గట్టు

మూడు వారాలుగా షోరూంల చుట్టూ తిరుగుతున్నా, ఇంకా తేలలేదు. మాది నెల్లూరు, మూలాపేట. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల పాప, అమ్మ, నాయన. అమ్మకి రెండు మోకాళ్లూ మార్చి ఎనిమిది నెలలైంది. నాయన ఆరడుగుల మనిషి. నెలకోసారి చెకప్‌కి చెన్నై పోవాలి, పోనూ రానూ 350 కిలోమీటర్లు.

ఇప్పుడున్నది పాత చిన్న కారు. అమ్మ దిగాలంటే నేనూ మా ఆవిడా చెరో చెయ్యి పట్టుకుని పైకి లేపాలి. పోయిన నెల సూళ్లూరుపేట దగ్గర టీకి ఆపితే, "మీరు తాగి రండి, నేను దిగితే మళ్లీ ఎక్కలేను" అంది. అంత ఎండలో ఒక్కతే బండిలో కూర్చుంది. ఆ టీ నాకు గొంతు దిగలేదు. బండి మార్చాలని ఆ రోజే అనుకున్నా.

ఏ షోరూంకి పోయినా ముందు సన్‌రూఫ్ తెరుస్తారు, తర్వాత స్క్రీన్ ఎన్ని అంగుళాలో చెబుతారు. వెనక సీటు సంగతి అడిగితే "బోలెడు చోటుంది సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీ బండ్లలో వెనక ముగ్గురు రెండు మూడు గంటలు కూర్చుంటే ఎట్లా ఉంటుందో చెప్పండి. పొడవు మాత్రం 4 మీటర్లు దాటకూడదు, మా సందు మలుపులో తిరగదు.

కావలి_కుర్రోడు

ఇంకొంచెం డబ్బు వేసుకుని క్రెటా, ఎలివేట్ లాంటి పెద్ద ఎస్‌యూవీకి పో అన్నా. గొడవే ఉండదు.

పెన్నా_గట్టు

సందు గురించి రాశాను కదా తమ్ముడూ. క్రెటా 4330 మి.మీ. నెక్సాన్, బ్రెజా లాంటివి 3995. అడుగు పైనే తేడా. మా మలుపు దగ్గర కరెంటు స్తంభం ఉంది, ఆ అడుగు దగ్గరే గీసుకుంటుంది.

సింగరాయకొండ_7

పన్ను తేడా కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకపోతే జీఎస్టీ 18 శాతం. అది దాటితే 40. కంపెనీలన్నీ 3990, 3995 దగ్గర ఆగిపోయేది అందుకే.

కొలత_మేస్త్రి

నేను ఇళ్లు కట్టిస్తా, కొలతలు లేకుండా నాకు మాట రాదు. అన్ని బండ్లూ ఒకే పొడవు కాబట్టి చూడాల్సింది వీల్‌బేస్. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి ఉండే దూరం అది. మనం కూర్చునేది ఆ మధ్యలోనే.

నెక్సాన్ 2498 మి.మీ. బ్రెజా, సోనెట్, మాగ్నైట్ మూడూ 2500. కొత్త వెన్యూ 2520. సైరోస్ 2550. కైలాక్ 2566. ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ 2600. అంటే నెక్సాన్‌కీ 3ఎక్స్ఓకీ దాదాపు నాలుగు అంగుళాల తేడా. వెనక కూర్చున్న ఆరడుగుల మనిషికి నాలుగు అంగుళాలంటే చిన్న సంగతి కాదు.

వెడల్పులో కూడా 3ఎక్స్ఓనే ముందుంది, 1821. నెక్సాన్ 1804, బ్రెజా 1790, కైలాక్ 1783. మీరు వెనక ముగ్గురంటున్నారు కాబట్టి నా ఓటు 3ఎక్స్ఓకి.

మైపాడు_గాలి

మేస్త్రీ, ఇంటికి పునాది కొలత చూసి హాలు ఎంతుందో చెప్పేస్తారా? గోడల మందం తీయాలి కదా. కారులోనూ అంతే. వెడల్పు అని రాసేది బయటి రేకు నుంచి బయటి రేకుకి. తలుపు మందం, లోపల చెయ్యి పెట్టుకునే దిమ్మె తీసేస్తే మిగిలేది వేరే లెక్క. వీల్‌బేస్ పెంచి ఆ చోటు డిక్కీకి ఇచ్చే కంపెనీ ఒకటి, మోకాళ్లకి ఇచ్చేది ఇంకొకటి. కైలాక్ డిక్కీ 446 లీటర్లు, 3ఎక్స్ఓది 364. ఎవరు ఏది ఎటు మళ్లించారో అక్కడే తెలుస్తుంది.

కొలత_మేస్త్రి

గోడల మందం మాట ఒప్పుకుంటా. కానీ పునాదే చిన్నదైతే హాలు పెద్దది రాదు కదా.

ఒంగోలు_ఫిజియో

ఒంగోల్లో పదకొండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నా. మోకాళ్లు మార్చినవాళ్లు రోజూ వస్తారు. మీరంతా వెనక ఎంత పొడవుందని చూస్తున్నారు. మీ అమ్మగారికి పొడవు కంటే ఎత్తు ముఖ్యం.

సీటు కిందికి ఉంటే లేవాలంటే మోకాలు 90 డిగ్రీలు దాటి వంగాలి, బరువంతా దాని మీదే పడుతుంది. అందుకే పాత చిన్న కారులో మీరిద్దరూ లేపాల్సి వస్తోంది. సీటు అంచు ఆమె తుంటికి దగ్గరగా ఉంటే కిందికి కూలబడక్కర్లేదు, పక్కకి జరిగితే చాలు. అలాగని మరీ ఎత్తుగా ఉంటే పాదం నేలకి ఆనకుండానే ఒళ్లు జారుతుంది, అదీ ప్రమాదమే. ఇంట్లో ఆమె ఎవరి సాయమూ లేకుండా లేచే మంచమో కుర్చీయో ఉంటుంది కదా, దాని ఎత్తు టేపుతో కొలవండి. షోరూంలో నేల నుంచి సీటు అంచు దాకా కొలవండి. ఆ రెండూ దగ్గరగా ఉండాలి.

రెండోది, డోరు గడప. కొన్ని బండ్లలో తలుపు కింది అంచు వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. కాలు దాని మీంచి ఎత్తి లోపల పెట్టాలి. మోకాలు పూర్తిగా వంగనివాళ్లకి నరకం అదే. తలుపు ఎంత వరకు తెరుచుకుంటుందో కూడా చూడండి.

మూడోది ఎక్కే పద్ధతి. ముందు వీపు సీటు వైపు తిప్పి అంచు మీద కూర్చోవాలి. కొంచెం వెనక్కి జరిగి, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. తిరగడం కష్టమైతే సీటు మీద పాలిథీన్ కవరు వేయండి, ఒళ్లు సులువుగా జారుతుంది. కూర్చున్నాక మాత్రం కవరు తీసేయాలి. బ్రేక్ వేసినప్పుడు మనిషి బెల్టు కిందికి జారకూడదు.

గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి. బండిలో ఉన్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమని చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది చాలా అవసరం.

పెన్నా_గట్టు

అక్కా, పాలిథీన్ కవరు సంగతి చెన్నైలో కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే మంచం కొలిచా. 22 అంగుళాలు.

కావలి_కుర్రోడు

అమ్మని ముందు సీట్లో కూర్చోబెడితే పోదా? సీటు మొత్తం వెనక్కి నెట్టొచ్చు, కాళ్లు చాపుకోవచ్చు. ముందు తలుపు కూడా పెద్దది.

మైపాడు_గాలి

అప్పుడు ఆమె వెనక కూర్చునేవాళ్ల మోకాళ్లు?

పెన్నా_గట్టు

అదీ చేసి చూశాం. నాది ఐదడుగుల ఆరు, నా సీటు ముందుకే ఉంటుంది కాబట్టి నాయన నా వెనక సర్దుకున్నాడు. అమ్మ వెనక పాప. సరిపోయింది. కానీ అమ్మ ముందు కూర్చోనంటుంది. హైవే మీద లారీలన్నీ మీదికొస్తున్నట్టు ఉంటుందట. వెంకటాచలం దాటేదాకా కళ్లు మూసుకునే కూర్చుంది.

కందుకూరు_కోడలు

మధ్య సీటు గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. అక్కడ కూర్చునేది మేము కాబట్టేమో. పెళ్లైన ఏడేళ్లలో ప్రతి శనివారం మాలకొండ ప్రయాణం, అటు అత్తమ్మ, ఇటు ఆడబిడ్డ, మధ్యలో నేను.

వెనక సీటుకి మధ్యలో మడిచి పెట్టే ఆర్మ్‌రెస్ట్ ఉంటే, అది పైకి మడిచినప్పుడు మన వీపుకి తగిలేది గట్టి అట్టలాంటి భాగం. స్పాంజి ఉండదు. కూర్చునే చోట కూడా పక్కల గుంటగా ఉండి మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది. కింద నేల మధ్యలో దిమ్మె. ముందు నుంచి ఏసీ వెంట్ల పెట్టె మోకాళ్లలోకి పొడుచుకొస్తుంది. ఒక కాలు దిమ్మెకి అటు, ఒకటి ఇటు పెట్టుకుని గంటన్నర కూర్చుంటే దిగాక నడుము పట్టేస్తుంది.

దయచేసి మీ ఆవిడని షోరూంకి తీసుకెళ్లండి. ఐదు నిమిషాలు కాదు, పావుగంట మధ్యలో కూర్చోబెట్టండి. అటూ ఇటూ మనుషులు ఉండాలి, ఖాళీ సీట్లో కూర్చుంటే ఏమీ తెలియదు. మధ్య మనిషికి తల ఆనించుకునే హెడ్‌రెస్టూ, భుజం మీదుగా వచ్చే బెల్టూ ఉన్నాయో లేదో చూడండి.

సింగరాయకొండ_7

అమ్మా, మీరు చెప్పింది చదివి మా ఇంట్లో అడిగా. "ఇప్పుడా అడిగేది" అంది. ఈసారి తిరుపతికి మధ్యలో నేనే కూర్చుంటా.

కందుకూరు_కోడలు

మాట తప్పొద్దన్నా. ఫొటో పెట్టాలి.

చీమకుర్తి_దుమ్ము

స్పాంజి మెత్తగా ఉంటే సుఖం అనుకోవద్దు. నేను పోయినసారి బండి కొన్నప్పుడు సీట్లో కూర్చోగానే పరుపులా అనిపించి వెంటనే అడ్వాన్స్ ఇచ్చేశా. కంపెనీ పేరు ఇక్కడ ఎందుకులే. రోజూ గ్రానైట్ లారీల మధ్య ఒంగోలు దాకా పోయి రావాలి. రెండేళ్లకి నేను కూర్చునే చోట గుంట పడింది, నడుం నొప్పి మొదలైంది. చెయ్యి పెట్టి నొక్కితే లోపలి ఇనుప చట్రం తగిలేది. ఇప్పుడున్న బండి సీటు మొదట్లో చెక్కలా అనిపించింది, కానీ హైదరాబాద్ పోయి దిగినా నడుము గుర్తు రాదు.

తొడల కింద ఆసరా చూడండి. సీటు పొట్టిగా ఉంటే తొడ సగం గాల్లో ఉంటుంది, బరువంతా పిర్రల మీద. మీ నాయన ఆరడుగులు అన్నారు కదా, పొడుగు మనిషికే ఈ బాధ ఎక్కువ. చాలామంది మోకాలికీ ముందు సీటుకీ మధ్య పిడికిలి పెట్టి "చోటుందే" అనుకుంటారు. సీటు కుషన్ పొట్టిగా చేసినా ఆ చోటు పెరుగుతుంది.

కొలత_మేస్త్రి

ఈ చివరి మాట నాకు తట్టలేదు. కుషన్ కోస్తే మోకాలి దగ్గర చోటు పెరిగినట్టు కనిపిస్తుంది. నిజమే.

ఒంగోలు_ఫిజియో

చీమకుర్తి వారు సరిగ్గా చెప్పారు. కూర్చున్నప్పుడు సీటు అంచుకీ మోకాలి వెనక మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. నాలుగైదు పట్టాయంటే కుషన్ పొట్టి. ఎలక్ట్రిక్ బండి చూస్తుంటే ఇంకోటి: బ్యాటరీ నేల కింద ఉండటం వల్ల కొన్నింటిలో నేల ఎత్తుగా ఉంటుంది. సీటు అదే ఎత్తు, నేల పైకి వచ్చింది, అంటే మోకాళ్లు పైకి లేచి పీట మీద కూర్చున్నట్టు అవుతుంది.

మార్కాపురం_పలక

నాయన ఆరడుగులైతే సన్‌రూఫ్ ఉన్నదీ లేనిదీ రెండూ ఎక్కించి చూడండి. సన్‌రూఫ్ చట్రం పైకప్పు లోపలే ఉంటుంది కాబట్టి తల దగ్గర చోటు తగ్గుతుంది. మా పెదనాన్న దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి గుంతకీ తల పట్టుకున్నాడు. పైగా మన ఎండలకి రోహిణి కార్తెలో పైన అద్దం ఎందుకు? పిల్లలు రెండు రోజులు తల బయట పెట్టి ఆడతారు, అదీ చేయకూడని పని.

వెనక ఏసీ వెంట్లు మాత్రం తప్పనిసరి. నల్ల లెదరెట్ (తోలులా కనిపించే రెక్సిన్) సీట్లు వద్దు. మధ్యాహ్నం గుడి దగ్గర ఆపి అరగంట తర్వాత వస్తే కూర్చోలేం. గుడ్డ సీటు నయం.

కావలి_కుర్రోడు

సన్‌రూఫ్ లేకపోతే పాప ఊరుకుంటుందా?

పెన్నా_గట్టు

పాపకి సన్‌రూఫ్ కావాలి, నాయనకి తల ఆనకూడదు, అమ్మకి సీటు ఎత్తు కావాలి, మా ఆవిడకి మధ్య సీటు మెత్తగా ఉండాలి. నన్నెవరూ అడగలేదు. నాకు అమ్మ సూళ్లూరుపేటలో దిగి టీ తాగితే చాలు.

నిమ్మతోట_పొదలకూరు

సీఎన్‌జీ ఆలోచన ఉంటే డిక్కీ చూసుకో అబ్బాయా. వాకర్ పెట్టుకోవాలి కదా. బ్రెజా సీఎన్‌జీలో సిలిండర్ డిక్కీలోనే పెద్ద చోటు తినేస్తుంది. నెక్సాన్ సీఎన్‌జీలో రెండు చిన్న సిలిండర్లు డిక్కీ నేల కింద పడుకోబెట్టారు, పైన 321 లీటర్లు మిగులుతుంది. మామూలు నెక్సాన్‌కి 382.

లీటర్లు కూడా నమ్మి కూర్చోవద్దు. కొన్ని కంపెనీలు డిక్కీ మీద మూతలా ఉండే అట్ట వరకు కొలుస్తాయి, కొన్ని పైకప్పు దాకా. నేను నిమ్మకాయల బస్తా షోరూంకే పట్టుకుపోయి పెట్టి చూశా. డిక్కీ గడప నడుము ఎత్తుకి ఉంటే బస్తా ఎత్తలేం.

మైపాడు_గాలి

బస్తా సరే, చేపల పులుసు గిన్నె సంగతి? చెన్నైలో ఉన్న మా అక్కకి ప్రతిసారీ తీసుకుపోతా. మామిడికాయ ముక్కలతో సహా నాయుడుపేట దాటకముందే సగం కార్పెట్‌కి పోసిన రోజు ఉంది. నాకు డిక్కీ నేల చదునుగా ఉండటమే ముఖ్యం.

కందుకూరు_కోడలు

ముందు రోజు చేసిన పులుసు అయితే చిక్కబడుతుంది, ఒలకదు. రుచి కూడా ఎక్కువ.

సింగరాయకొండ_7

సైరోస్ చూశారా ఎవరైనా? వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వీపు కూడా వాలుతుంది. సీటు వెనక్కి నెడితే డిక్కీ 390 లీటర్లు, ముందుకి లాగితే 465. పై వేరియంట్లలో వెనక కూర్చునే చోట కూడా గాలి ఆడే సీట్లు, తలుపుల అద్దాలకి తెరలు. 4 మీటర్ల లోపు ఇవన్నీ కలిపి ఇచ్చింది నేను చూడలేదు. ఎత్తు కూడా ఎక్కువ, లోపల తల తగలదు.

కొలత_మేస్త్రి

చూశా. బయట నుంచి డబ్బాలా ఉంది.

సింగరాయకొండ_7

డబ్బా కాబట్టే లోపల చోటు మేస్త్రీ. పైకప్పు వెనక్కి వాలిపోతే వెనకవాళ్ల తల ఎక్కడ పెట్టాలి?

చీమకుర్తి_దుమ్ము

ఇంకో పరీక్ష. డ్రైవర్ సీటు నీకు సరిపడా పెట్టుకుని, దిగి, దాని వెనకే నువ్వు కూర్చో. తర్వాత డ్రైవర్ సీటు ఎత్తు పూర్తిగా కిందికి దించి మళ్లీ కూర్చో. చాలా బండ్లలో సీటు దించగానే వెనక మనిషి పాదం కిందికి దూరదు. అప్పుడు ఎంత వీల్‌బేస్ ఉన్నా కాళ్లు ముడుచుకునే కూర్చోవాలి.

పెన్నా_గట్టు

ఆదివారం అందరం పోయొచ్చాం. టేపు, పాలిథీన్ కవరు, వాకర్ అన్నీ తీసుకుని. ఒక షోరూంలో కుర్రాడు ముందు వింతగా చూశాడు. అమ్మ పరిస్థితి చెప్పాక తనే వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, వాళ్ల అవ్వకి కూడా మోకాళ్లేనట.

మొత్తం నాలుగు బండ్లు. ఒకదాంట్లో సీటు మరీ ఎత్తు, అమ్మ అంచు మీద కూర్చుంటే పాదం నేలకి అందలేదు, భయపడి నా చొక్కా పట్టుకుంది. అక్కడే వద్దనుకున్నాం. ఇంకోదాంట్లో ఎక్కడం బాగుంది కానీ నాయన తల పైకప్పుకి ఆనింది, అది సన్‌రూఫ్ ఉన్నది. అదే బండి సన్‌రూఫ్ లేనిది ఆ షోరూంలో లేదు.

మిగిలినవి నెక్సాన్, సైరోస్. రెంట్లోనూ అమ్మ ఫిజియో అక్క చెప్పినట్టు వీపు తిప్పి కూర్చుని, కవరు మీద జరిగి, రెండు కాళ్లూ కలిపి లోపలికి పెట్టేసింది. నేను చెయ్యి చాపేలోపే అయిపోయింది. దిగేటప్పుడు ఒక చేత్తో తలుపు పైన ఉన్న పిడి, ఇంకో చేత్తో ముందు సీటు వీపు పట్టుకుని తనంతట తనే లేచింది. లేచి నిలబడి, "ఇంకోసారి ఎక్కి చూస్తా" అంది. మూడుసార్లు ఎక్కి దిగింది. మా ఆవిడ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

మధ్య సీట్లో మా ఆవిడ ఇరవై నిమిషాలు కూర్చుంది. భుజాలకి నెక్సాన్‌లో తేలిగ్గా ఉందంటుంది. నాయన మాత్రం సైరోస్ సీటు వెనక్కి నెట్టి, వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు. పది నిమిషాలు లేపలేదు. చెన్నై నుంచి రాత్రి వచ్చేటప్పుడు ఆయన అట్లా పడుకుంటే చూడాలని నాకూ ఉంది. ఇంటి ముందుకి టెస్ట్ డ్రైవ్ బండి తెప్పించి, సందు మలుపులో తిప్పి, ఇద్దర్నీ వెంకటాచలం టోల్ దాకా తీసుకుపోయి వచ్చాక తేలుస్తా.

ఒంగోలు_ఫిజియో

మూడుసార్లు ఎక్కి దిగారంటే చాలా సంతోషంగా ఉంది. పట్టుకునే పిడి వెనక రెండు వైపులా ఉందో లేదో మళ్లీ చూడండి. హాస్పిటల్ ముందు ఎప్పుడూ ఎడమ వైపే దింపే వీలుండదు.

మార్కాపురం_పలక

టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం రెండు గంటలకి పెట్టించుకో. అయిదుగుర్నీ ఎక్కించి ఏసీ వెనక దాకా ఎంత సేపట్లో వస్తుందో చూడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అన్ని బండ్లూ బాగానే ఉంటాయి.

కందుకూరు_కోడలు

మీ ఆవిడ ఇరవై నిమిషాలు మధ్యలో కూర్చుందా! నా తరఫున ఆమెకి నమస్కారం చెప్పండి.

చీమకుర్తి_దుమ్ము

ఏది తీసుకున్నా డెలివరీ రోజు సీటు కవర్లు వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటాయి. వాటికి సరిపోయేలా కుట్టని కవరు వేస్తే అవి తెరుచుకోవాల్సినప్పుడు అడ్డుపడుతుంది. గాలి ఆడే సీట్లైతే ఆ రంధ్రాలు కూడా మూసుకుపోతాయి.

పెన్నా_గట్టు

మంచి మాట చెప్పావన్నా, అడ్వాన్స్‌తో పాటు కవర్లు ఫ్రీ అన్నారు, ఆ డబ్బుకి వెనక అద్దాలకి ఎండ తెరలు అడుగుతా. బుధవారం రెండు గంటలకి నెక్సాన్, గురువారం అదే టైముకి సైరోస్ ఇంటికి వస్తున్నాయి. అమ్మ అప్పుడే అడుగుతోంది, టీకి ఎక్కడ ఆపుతావురా అని.